ఇరవై మూడో మైన్

ప్రేమరాజు దేన్నైనా వేలి కణుపుతో తట్టి చూడందే నమ్మడు. కొబ్బరికాయైనా అంతే, కొత్తగా వచ్చిన గ్యాస్ సిలిండరైనా అంతే. పెళ్ళికి వెళ్తే కుర్చీని తట్టి మరీ కూర్చుంటాడు. ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. ఇరవై అయిదేళ్ళు బంగారు గనిలోకి దిగిన మనిషి. కింద పని మొదలుపెట్టే ముందు నెత్తిమీది రాతిని ఇనపకడ్డీతో తట్టాలి. గట్టిగా మోగితే పని, గుల్లగా మోగితే పరుగు. తట్టకుండా దాని కింద కూర్చున్న ఇద్దరిని పైకి మోసుకొచ్చిన వాళ్ళలో ఆయనా ఒకడు. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా ఆ వేలు మాత్రం రిటైరు కాలేదు.

చిక్కెక్కడంటే, ఆయన మనుషుల్ని కూడా అలాగే తట్టి చూస్తాడు. పాలవాడు రెండు రోజులు వరసగా నవ్వాడంటే మూడో రోజు పాలలో నీళ్ళెక్కువని తేల్చేస్తాడు. చర్చి బయట పాస్టరుగారు "ఒంట్లో ఎట్లుండాది?" అని పలకరిస్తే, ఈయనకెందుకు నా ఒంటి సంగతి అని ఆ ఆదివారమంతా ఆలోచిస్తాడు. భార్య జూలియాకు ఇది నలభై రెండేళ్ళుగా అలవాటే. "నన్ను చేసుకునే ముందు మా నాయన్ని ఎన్నిసార్లు తట్టినాడో ఈయప్ప" అని ఇరుగుపొరుగుతో నవ్వుతుంది. ఆయన మాత్రం నవ్వడు.

అలాంటి మనిషి చేతికి నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం వచ్చింది. దాని మీదే ఇల్లు ఆధారపడి ఉంది.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. గని కూలీల కోసం వరసగా కట్టిన లైన్‌లో రెండు గదులు, పైన రేకులు. ముందు ఆయన తండ్రికి ఇచ్చారు, తర్వాత ఆయనకు వచ్చింది. గని మూశాక పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. అన్నేళ్ళుగా ఆ గోడకు మేకు కొట్టాలన్నా ఎవరిదో గోడకు కొడుతున్నట్టే ఉండేది ప్రేమరాజుకు. ఇన్నాళ్ళకు, ఇళ్ళలో ఉంటున్నవాళ్ళకే హక్కు పత్రాలు ఇస్తాం, అర్జీ పెట్టుకోండి అన్నారు. అర్జీతో పాటు, ఎప్పటి నుంచి ఉంటున్నాం, ఎలా ఉంటున్నాం అన్నది ఇంగ్లీషులో రాసి సంతకం చేసి ఇవ్వాలి. పేరు లిస్టులోకి ఎక్కితే ఇల్లు తనది. ఎక్కకపోతే గని నడిపిన కంపెనీ ఇళ్ళ లిస్టులోకి పోతుంది, అటు తర్వాత ఎప్పుడు ఎవరొచ్చి తాళం వేస్తారో చెప్పలేం.

ఇంగ్లీషు చదవగలిగిన కొడుకు వేమగల్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తూ ఆదివారం తప్ప ఇంటికి రాడు. ప్రేమరాజు చదివింది తెలుగు బడిలో అయిదో తరగతి. తెలుగు బైబిలు ధారగా చదువుతాడు కానీ ఇంగ్లీషులో ఆయనకు తెలిసినవి మూడే మాటలు. డేంజర్, ఎగ్జిట్, మైన్. అవీ చదివి నేర్చుకున్నవి కావు, చూసి చూసి కంటికి పట్టినవి. గేటు బోర్డు మీదా, మెడలో వేసుకున్న ఇత్తడి బిళ్ళ మీదా, గనిలోకి దింపే కేజ్ తలుపు మీదా పెద్దక్షరాల్లో ఉండేవి. ముఖ్యంగా మైన్ అన్న మాట. రెండు స్తంభాల మధ్య గుంత పడ్డ మొదటి అక్షరం, చివర మూడు పళ్ళ దువ్వెన. కళ్ళు మూసుకున్నా గీయగలడు.

ఆ కాగితాన్ని తయారుచేసింది జెసింతా. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని టైపింగ్ అంగడి నడుపుతుంది. నలభై ఏళ్ళుంటాయి. ఆమె తండ్రి ప్రేమరాజుతో ఒకే కేజ్‌లో దిగినవాడు. అందుకే ప్రేమరాజు మిగతా అంగళ్ళను వదిలేసి ఆమె దగ్గరికి వెళ్ళాడు. నమ్మకంతో కాదు, మిగతావాళ్ళ మీద అనుమానం ఇంకా ఎక్కువ కాబట్టి.

కాగితం సిద్ధమైంది. ఇక సంతకమే అనగా టీ అంగడి దగ్గర అంజినప్ప అడ్డుపడ్డాడు. అంజినప్పకు తెలియని విషయం ఉండదు, తను మాత్రం ఏ విషయంలోనూ అర్జీ పెట్టడు.

"మైన్ అని రాయించినావా? మైన్ మూతపడింది కదప్పా. మూతపడిన దాని పేరు రాస్తే ఇల్లెట్ల ఇస్తారు? కంపెనీ అని రాయించు. కంపెనీ ఇంగా ఉండాది."

ప్రేమరాజు ఆ మాటను మనసులో తట్టి చూసుకున్నాడు. గట్టిగానే మోగింది. నేరుగా జెసింతా అంగడికి వెళ్ళాడు.

"యాడ యాడ మైన్ అని ఉండాదో, అన్ని చోట్లా కంపెనీ అని మార్చల్లమ్మా."

"అంతే కదా అంకుల్, ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషంలో ఎట్లవుతాది? నాలుగు పేజీలు. ముందు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టు. నేను లెక్కపెట్టుకుంటా."

జెసింతా నిట్టూర్చి, ప్రింటు తీసిన కాగితాల మీద చదువుకుంటూ పోయి గని అన్న చోటల్లా సున్నా చుట్టింది. ప్రేమరాజు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. కొన్ని సున్నాల లోపల ఆయనకు తెలిసిన మాట లేదు. అదేమిటని అడిగాడు.

"ఇది పెద్దక్షరాల్లో రాసింది అంకుల్. ఇది చిన్నక్షరాల్లో. ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ రెండు రూపాలు కదా."

"ఒకే మాటకు రెండు మొగాలా?" అన్నాడు ప్రేమరాజు. తెలుగులో ఆ గొడవ లేదు. 'గ' ఎప్పుడు చూసినా 'గ'నే. రెండు మొగాలుండే దాన్ని నమ్మడం ఆయనకు మొదట్నుంచీ చేతకాదు. "అయితే పెద్దా చిన్నా ఏదీ వదలొద్దు. అన్నీ మార్చు."

"పెద్దా చిన్నా చూడొద్దని మిషన్‌కు చెప్తే సరిపోతాది. మార్చేటప్పుడు మాత్రం ముందు ఎట్ల ఉంటే అట్లే మారుస్తాది. పెద్దక్షరాల మైన్ ఉన్న చోట పెద్దక్షరాల కంపెనీ, చిన్నవి ఉన్న చోట చిన్నవి. అంగీ అదే, లోపల మనిషి వేరే."

ఆమె సరదాకే అంది. ప్రేమరాజుకు మాత్రం ఆ మాట ఎముకల్లో గుచ్చుకుంది. "అంగీ అదే, లోపల మనిషి వేరే అంటే అది దొంగ పని కదమ్మా" అన్నాడు.

జెసింతా నవ్వి మీట నొక్కింది. మొదటిసారి తిరగబడింది. గని పనివాడిని ఇంగ్లీషులో మైనర్ అంటారు కదా, ఆ మాట లోపలి మైన్ కూడా మారిపోయి ఆయన కాస్తా కంపెనీయర్ అయ్యాడు. జెసింతా చదివి వినిపించి తనే పకపకా నవ్వింది. ప్రేమరాజు నవ్వలేదు, పట్టేశానన్నట్టు తలాడించాడు. ఆమె వెనక్కి తీసుకుని, విడి మాటగా ఉంటేనే మార్చమని మిషన్‌కు చెప్పి మళ్ళీ నొక్కింది.

"ఇరవై మూడు చోట్ల మార్చినాను అంటా ఉండాది అంకుల్."

"ఇరవై రెండు కదా?"

"నేను పెన్నుతో ఒకటి వదిలేసుంటాను. మనిషి కన్ను వదుల్తాది, మిషన్ వదలదు."

అప్పుడే గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ వైపు నుంచి గాలి లేచి దుమ్ము కొట్టింది. జెసింతా తలుపు దగ్గరికేసింది. టీ తెప్పించింది. కొత్త కాగితాలు చేతిలో పెట్టింది. ప్రేమరాజు పాత సున్నాలను పక్కన పెట్టుకుని ఇరవై రెండింటినీ సరిచూశాడు. తర్వాత నాలుగు పేజీల్లో పెద్దక్షరాల మైన్ కోసం వేలు పెట్టి వెతికాడు. ఒక్కటీ లేదు. ఇరవై మూడోది ఎక్కడని ఇంకోసారి అడుగుదామనుకున్నాడు. బయట నలుగురు ఎదురుచూస్తున్నారు, అర్జీలు తీసుకునే కచేరీ అయిదింటికి మూసేస్తారు, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. సంతకం చేశాడు. గనిలో ఉన్నన్నాళ్ళూ ఏనాడూ చెయ్యని పని ఆ రోజు చేశాడు. గుల్ల శబ్దం విని కూడా దాని కిందే కూర్చున్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత, బుధవారం, కచేరీ నుంచి పిలుపొచ్చింది. గుమాస్తా పురుషోత్తమ్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని నాలుగో పేజీ తిప్పాడు.

"ఇదేందప్పా, ఇల్లు నాకియ్యండి అని అర్జీ పెట్టి, లోపల ఇల్లు కంపెనీదని రాసినారు?"

"నేనా? నేనట్ల రాయలేదు సార్."

"చదువుతా వినండి. దిస్ హౌస్ ఈజ్ కంపెనీ. ఈ ఇల్లు కంపెనీ. ఇంగ్లీషు కొంచెం వంకరగా ఉండాది, అర్థం మాత్రం సరిగ్గానే ఉండాది. కింద సంతకం మీదే కదా?"

సంతకం ఆయనదే. దాన్ని కాదనలేడు. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అలా కదలడం ఆయనకు తెలుసు, గనిలో కింద లెవెల్‌లో చాలాసార్లు చూశాడు. అక్కడ పక్కన పట్టుకోడానికి ఎవరో ఒకరుండేవారు.

పురుషోత్తమ్ చెడ్డవాడు కాదు. "శుక్రవారం సాయంకాలం లిస్టు ముగిసిపోతాది. ఆ లోపల సరైన పేజీ తెండి. దాంతో పాటు తప్పు ఎట్ల జరిగింది, ఎవరిది అని ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఇయ్యండి. లేదంటే ఇది ఇట్లే పోతాది, ఇల్లు కంపెనీ లిస్టులోకి" అన్నాడు.

ఆటోలో ఇంటికొచ్చే దారంతా ప్రేమరాజు బుర్రలో ఒకటే లెక్క. సున్నాలు ఇరవై రెండు. మార్పులు ఇరవై మూడు. అంటే ఆ ఇరవై మూడోది మిషన్ మార్చలేదు, జెసింతా మార్చింది. ఎందుకు మార్చింది? ఈ ప్రశ్నకు జవాబు ఆటో లైన్ మలుపు తిరిగేలోపే దొరికింది. జెసింతా మొగుడు ప్రిన్స్ కంపెనీ గేటు దగ్గరే సెక్యూరిటీ డ్యూటీ చేస్తాడు. ఇక ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఎప్పుడూ ఇవ్వని టీ ఆ రోజే ఇచ్చింది. తలుపు వేసింది. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది. కంపెనీయర్ అని నవ్వింది. అంగీ అదే, లోపల మనిషి వేరే అని తన నోటితోనే చెప్పింది.

ఇంట్లో అంతా విన్న జూలియా పప్పు గిన్నె దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"జెసింతానా? దానికి తల్లి పోయినప్పుడు మూడు నెలలు మనింట్లో అన్నం తినింది. మరిసిపోయినావా?"

"అందుకే ఈ ఇల్లు ఎట్లుండాదో దానికి బాగా తెలుసు."

"దుమ్ము కొట్టింది కాబట్టి తలుపేసింది కదయ్యా."

"దుమ్ము రోజూ కొడతాది. తలుపు ఆ రోజే ఎందుకేసింది?"

జూలియా ఈ మనిషితో వాదించడం కంటే పప్పు మళ్ళీ పొయ్యి మీద పెట్టుకోవడం మేలనుకుంది. పడుకునే ముందు మాత్రం ఒక్క మాట అంది. "రేపు దాన్ని అడుగు. అరవద్దు."

ఆయన రెండూ చేశాడు, అదీ తలకిందులుగా. గురువారం పొద్దున్నే ముందు టీ అంగడికి వెళ్ళాడు. అంజినప్ప, ఇంకో నలుగురు ఉన్నారు. "జెసింతా మొగుడి మాట విని నా ఇంటిని కంపెనీకి రాసిచ్చేసింది. మీ కాగితాలు ఏమన్నా దాని దగ్గర చేయించుకుని ఉంటే చూసుకోండప్పా" అని గట్టిగా చెప్పాడు. ఆ నలుగురిలో ఇద్దరు వెంటనే లేచి ఇంటికెళ్ళారు, కాగితాలు తీసి చూసుకోవడానికి.

టైపింగ్ అంగడి చేరేసరికి గౌనిపల్లి నుంచి మామిడితోట పత్రాలు పట్టుకొచ్చిన రత్న అనే ఆవిడ బల్ల ముందు కూర్చుని ఉంది. ప్రేమరాజు గడపలో నిలబడే మొదలుపెట్టాడు.

"ఇరవై మూడోది యాడమ్మా? నేను ఆ పొద్దే అడిగినాను. చెప్పలేదు నువ్వు. నా ఇల్లు కంపెనీదని యాడ రాసినావో ఆడనే ఉండాది ఇరవై మూడోది. ప్రిన్స్ చెప్పినాడా? ఏమిస్తామన్నారు మీకు? మీ నాయనా నేనూ ఒకే కేజ్‌లో దిగినోళ్ళం. ఆయన బతికుంటే నీ మొగం చూసుంటాడా?"

రత్న అటూ ఇటూ చూసింది. మెల్లగా బల్ల మీది తన పత్రాలు తీసి సంచీలో పెట్టుకుని "మళ్ళీ వస్తానమ్మా" అని లేచింది. మళ్ళీ రాదని ముగ్గురికీ తెలుసు.

జెసింతా గొంతు పెంచలేదు. "కూర్చోండి అంకుల్" అంది. ఆయన కూర్చోలేదు. ఆమె కంప్యూటరు వైపు తిరిగి, మార్చకముందు దాచిపెట్టుకున్న పాత ప్రతిని తీసింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి నాలుగో పేజీకి వచ్చింది. చివరి పేరా దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో దేవుడా" అంది చాలా చిన్నగా.

"దొరికిందా?"

"దొరికింది అంకుల్. ఇది నేను మార్చింది కాదు, మిషనే మార్చింది. ఇక్కడ ముందు ఏముండిందో తెలుసా? దిస్ హౌస్ ఈజ్ మైన్. ఈ ఇల్లు నాది అని. ఇంగ్లీషులో గనినీ మైన్ అంటారు, నాది అనేదాన్నీ మైన్ అంటారు. రాసేటప్పుడు అక్షరాలు కూడా అవే, ఒక్కటీ తేడా లేదు. నేను పెన్నుతో సున్నాలు చుట్టినప్పుడు అర్థం చూసి చుట్టినాను, అందుకే దీన్ని వదిలేసినాను. మిషన్‌కు అర్థం తెలీదు. నాలుగు అక్షరాలు కనపడినాయి, మార్చేసింది. అక్కడ చిన్నక్షరాలు ఉండినాయి కాబట్టి కంపెనీని కూడా చిన్నక్షరాల్లోనే పెట్టింది. అందుకే నా కంటికి కూడా తేడా తెలీలేదు."

ప్రేమరాజు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. జీవితంలో చాలా సాకులు విన్నాడు కానీ ఇలాంటిది వినలేదు.

"గనీ, నాదీ ఒకే మాటా? ఎవరితో చెప్తా ఉండావు? ఇరవై అయిదేళ్ళు దిగినాను నేను. ఒక్క పొద్దన్నా అది నాది కాలేదు. ఎవరు పెట్టింటారమ్మా అట్లాంటి మాట?"

"నేను పెట్టలేదు కదా అంకుల్" అంది జెసింతా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక చీటీ చింపి దాని మీద నాలుగు చిన్నక్షరాలు రాసి ఆయన చేతిలో పెట్టింది. "నన్ను నమ్మొద్దు. బజారులో ఎవరినైనా అడగండి. ఇదేందని మాత్రమే అడగండి, ఇంకేమీ చెప్పొద్దు."

ఇది ఆయనకు నచ్చింది. తట్టి చూసుకోమంటోంది. చీటీ పట్టుకుని బయటపడ్డాడు.

చీటీలోని మాట ఆయనకు ముక్క కూడా తెలియలేదు. స్తంభాలు లేవు, దువ్వెన లేదు. మొదటి అక్షరం రెండు గూళ్ళ వంతెనలా ఉంది, చివరిది కొరికిన జిలేబీలా ఉంది. టీ అంగడి దగ్గర అంజినప్ప దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు.

"మైన్. గని. ఇంగేంది? జీవితమంతా దాంట్లోనే ఉండి నన్నడుగుతావా?"

ప్రేమరాజు గుండెల్లో ఏదో గెలిచినట్టయింది. అదీ సంగతి, గని అంటే గనే. అయినా ఒక చోట తట్టి వదిలే అలవాటు లేదు. రెండో చోట తట్టాలి. నాలుగు అంగళ్ళ అవతల మందుల షాపులో అర్పిత అనే అమ్మాయి ఉంటుంది, కాలేజీ చదివిన పిల్ల. ఆమె చీటీ చూసి వెంటనే చెప్పింది.

"మైన్. నాది అని తాతా."

"గని కాదా?"

"గని కూడా మైనే. అదీ ఇట్లే రాస్తారు. ఎందుకు తాతా?"

ప్రేమరాజు మందుల షాపు మెట్టు మీద కూలబడ్డాడు. చీటీని వెనక్కీ ముందుకీ తిప్పాడు. ఒకే చీటీ, ఒకరికి గని, ఒకరికి నాది. జెసింతా చెప్పింది అక్షరాలా నిజం. పెద్దా చిన్నా ఏదీ వదలొద్దని ఆమెతో చెప్పింది ఎవరు? తనే. ఇరవై మూడు అన్నప్పుడు గుల్ల శబ్దం విన్నది ఎవరు? తనే. తన ఇంట్లో అన్నం తిన్న బిడ్డను ఆమె చచ్చిపోయిన తండ్రి పేరెత్తి బజారు మధ్య నిలబెట్టింది ఎవరన్నది మాత్రం మనసులో కూడా అడుక్కోలేకపోయాడు. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. అర్పిత బీపీ చూడనా అని అడిగింది. వద్దన్నాడు.

తిరిగి వెళ్ళేసరికి జెసింతా ఒక్కతే ఉంది. నాలుగో పేజీ సరిచేసి ప్రింటు తీసి పెట్టింది. పక్కన ఇంకో చిన్న కాగితం కూడా ఉంది.

"ఇది కచేరీ వాళ్ళడిగిన కాగితం. ఎట్ల జరిగిందో రాసినాను. చివర్న, తప్పు నాది అని రాసి కింద నా పేరు పెట్టినాను. సంతకం చేసిస్తా, తీసుకుపోండి" అంది. ఆయన మొహం వైపు చూడలేదు.

"తప్పు నాది అని యాడుండాది? చూపించు."

ఆమె ఆ వరుస మీద వేలు పెట్టింది. ప్రేమరాజు చీటీని దాని పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరమే సరిచూశాడు. వంతెన, పుల్ల, ఒంటి గూడు, జిలేబీ. నాలుగూ అవే.

"ఇది నీదెట్లవుతాది?" అన్నాడు. "పెద్దా చిన్నా అన్నీ మార్చమని చెప్పినోణ్ణి నేను. ఇరవై మూడు అని విని కూడా సంతకం పెట్టినోణ్ణి నేను. నీ పేరు తీసెయ్. నా పేరు పెట్టు."

"మీరడిగినప్పుడు నేనూ చూసుండల్ల కదా అంకుల్."

"చూసుండల్ల. అది నువ్వూ నేనూ మాట్లాడుకుందాం. కచేరీకి మాత్రం నా పేరే పోవల్ల."

జెసింతా మౌస్ మీద చెయ్యి వేసింది. తెర మీద అదే చిన్న పెట్టె తెరుచుకుంది, వెతికి మార్చేది. ప్రేమరాజు గభాలున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మిషన్ వద్దమ్మా తల్లీ. చేత్తో కొట్టు."

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. జెసింతా పెదవి కొంచెం కదిలింది, అంతే. ఒక్కొక్క అక్షరం కొట్టి ఆయన పేరు పెట్టింది. కాగితం ఇస్తూ అంది. "టీ అంగట్లో మీరు చెప్పింది పొద్దున్నే నా దాకా వచ్చింది అంకుల్. మీరు నా దగ్గరికి రాకముందే వచ్చింది. నన్ను అడిగి, తర్వాత చెప్పుంటే ఇంత బాధ పడుండను."

ఆయన "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అది చాలదని ఇద్దరికీ తెలుసు.

అక్కడి నుంచి నేరుగా టీ అంగడికి వెళ్ళాడు. పొద్దున ఉన్నవాళ్ళే ఇప్పుడూ ఉన్నారు, కాగితాలు చూసుకోవడానికి వెళ్ళిన ఇద్దరూ తిరిగొచ్చి ఉన్నారు. నిలబడే చెప్పాడు. "పొద్దున నేను చెప్పింది అబద్ధం. జెసింతా ఏ తప్పూ చెయ్యలేదు. తప్పంతా నాది."

 అంజినప్ప గ్లాసు కింద పెట్టి కళ్ళు చిన్నవి చేశాడు.

"పొద్దున ఒక మాట, మధ్యాన్నం ఒక మాటా? ప్రిన్స్ ఏమన్నా వచ్చి బెదిరించినాడా?"

"లేదప్పా."

"అయితే ఏమిచ్చినారు నీకు?"

"ఏమీ ఇయ్యలేదు. నిజం చెప్తా ఉండా."

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ప్రేమరాజుకు బాగా తెలుసు, అది తన చూపే. జీవితంలో మొదటిసారి ఆయన్ను వేరేవాళ్ళు తట్టి చూశారు. గుల్లగా ఉందనుకున్నారు. ఎన్ని మాటలు చెప్పినా ఆ నలుగురిలో ఇద్దరికి నమ్మకం కుదరలేదు. ఆయన అక్కడే నిలబడి, మళ్ళీ మొదటి నుంచీ, ఎర్ర సున్నాల దగ్గర్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. టీ రెండుసార్లు చల్లారింది.

శుక్రవారం జూలియా కూడా కచేరీకి వెంట వచ్చింది, ఈ మనిషిని ఒంటరిగా పంపే ధైర్యం లేక. పురుషోత్తమ్ సరైన పేజీ చూసి తలూపాడు. తర్వాత చిన్న కాగితం తీసుకుని పెదవులు కదుపుతూ చదివాడు. చివరి వరుస దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ద మిస్టేక్ ఈజ్ మైన్. ఇక్కడ మళ్ళీ మైన్ అని ఉండాదే? ఇంతకీ తప్పెవరిదప్పా, గనిదా?"

ప్రేమరాజు బల్ల మీదికి వంగాడు. ఆ వరుసలో వేలు పెట్టి వెతికాడు. వంతెన, పుల్ల, గూడు, జిలేబీ. దొరికింది. వేలి కణుపుతో దాని మీద రెండుసార్లు తట్టాడు.

"కాదు సార్" అన్నాడు. "పెద్దక్షరాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అవి కంపెనీవి. ఇది చిన్నక్షరాల్లో ఉండాది చూడండి. ఇది నాది."

పురుషోత్తమ్ సీలు తీసి కాగితం మీద వేశాడు.